విరిగిన స్ప్రింగు బిల్లు ఎవరు కట్టాలి?

పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరంగా, ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఉంటుంది కాలాపేట. అక్కడి కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణం సముద్రానికి దగ్గర్లోనే ఉంది. ఆ చుట్టుపక్కల మూడేళ్లుగా తిరుగుతున్న ఒక కారులో ముందు చక్రం దగ్గరి సస్పెన్షన్ స్ప్రింగు ఒకరోజు పుటుక్కున విరిగిందనుకుందాం. సర్వీసు సెంటరు వాళ్లు చూసి "సముద్రపు గాలికి తుప్పు పట్టింది సార్, ఇది వారంటీలోకి రాదు" అంటారు. యజమానేమో "కంపెనీ నుంచే లోపంతో వచ్చింది" అంటాడు. స్ప్రింగు ఖరీదు, కూలీ, కారు షెడ్డులో ఉన్నన్నాళ్లూ ఆటోలకు పెట్టిన డబ్బు... ఇదంతా ఎవరి నెత్తిన పడాలి?

ఇది తేలాలంటే ముందు ఆ పగులు ఎక్కడ, ఎందుకు మొదలైందో తెలియాలి. ఆ సంగతి చాలావరకు విరిగిన ముక్క మీదే ఉంటుంది.

పెద్ద గుంతలో పడి ఒక్క దెబ్బకు విరిగిన ఉక్కులో, విరిగిన తలమంతా ఇంచుమించు ఒకేలా గరుకుగా కనిపిస్తుంది. అలాకాకుండా చిన్న పగులు పుట్టి, వేలసార్లు పడిన బరువుకు కొంచెం కొంచెంగా పాకి, చివరికి తెగిపోతే దాన్ని లోహపు అలసట అంటారు. అప్పుడు ఆ తలం మీద, అల వెనక్కి వెళ్లాక ఇసుకలో మిగిలే చారల్లాంటి వంపు గీతలు ఏర్పడవచ్చు. ఇంజినీర్లు వీటిని బీచ్ మార్కులు అనే పిలుస్తారు. ఆ వంపులు ఏ బిందువు చుట్టూ తిరిగాయో చూస్తే పగులు పుట్టినచోటు దొరుకుతుంది.

అసలు తగాదా ఆ పుట్టినచోటు దగ్గరే. అది ఉక్కు లోపల ఉండి, మధ్యలో లోహేతర మలినపు రేణువు, దాని చుట్టూ గుండ్రటి మచ్చ కనిపిస్తే దాన్ని చేపకన్ను అంటారు. ఉక్కు కరిగించినప్పుడే చేరిన మలినానికి డ్రైవరును గానీ, సముద్రాన్ని గానీ తప్పుపట్టలేం. పగులు ఉపరితలం మీది తుప్పు గుంటలో మొదలైతే మాత్రం సర్వీసు సెంటరు మాటకు బలం వస్తుంది. ఉప్పులోని సోడియం క్లోరైడ్, గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఆ తేమను పీల్చి తనే నీరైపోతుంది. అంటే వాన పడకపోయినా స్ప్రింగు మీద పలుచటి ఉప్పునీటి పొర నిలుస్తుంది. కాలాపేటే కాదు, యానాం, కాకినాడ, భీమిలి కార్లదీ ఇదే బాధ.

అయితే "సముద్రపు గాలి" అనగానే కంపెనీ బాధ్యత తీరిపోతుందా? ఆ తుప్పు రాయి తగిలి రంగు లేచినచోట మొదలైందా, కార్ఖానాలో పూత సరిగా అంటనిచోట మొదలైందా అన్నది కూడా చూడాలి. తకాటా ఎయిర్‌బ్యాగుల కథ ఈ ప్రశ్నకు దగ్గరగా ఉంటుంది. ఆ జపాన్ సంస్థ ఎయిర్‌బ్యాగును ఉబ్బించడానికి అమ్మోనియం నైట్రేట్ బిళ్లలు వాడింది. వాటిలో చాలావాటికి తేమను పీల్చే పదార్థం జత చేయలేదు. ఏళ్లతరబడి వేడి, తేమ తగిలి బిళ్లలు గుల్లబారాయి. అవసరమైనప్పుడు మరీ వేగంగా మండి, లోహపు డబ్బానే పేల్చి, ముక్కలను ప్రయాణికుల మీదికి విసిరాయి. ఫ్లోరిడా వంటి ఉక్కపోత ప్రాంతాల్లో ముప్పు ఎక్కువగా కనిపించింది. అయినా వాతావరణానిదే తప్పని యజమానుల చేత బిల్లు కట్టించలేదు. ఉక్కపోత ఉన్నచోట అమ్మే వస్తువు ఉక్కపోతను తట్టుకోవాలి. కంపెనీలు కార్లను వెనక్కి పిలిపించి ఉచితంగా మార్చాయి, భారత్‌లో కూడా. తకాటా 2017లో దివాలా తీసింది.

మన చట్టంలో రెండు దారులున్నాయి. ఒకే లోపం చాలా బండ్లలో ఉండి ప్రాణాలకు ముప్పు తెచ్చేదైతే, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 110ఎ సెక్షన్ కింద కేంద్రం వాటిని వెనక్కి పిలిపించమని ఆదేశించవచ్చు. అప్పుడు కంపెనీ బాగుచేయాలి, లేదా బండి మార్చాలి, లేదా డబ్బు తిరిగివ్వాలి. ఒక్క కారు గొడవైతే వినియోగదారుల కమిషనే గతి. ఇక్కడో మెలిక ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని ఉత్పత్తి బాధ్యత అధ్యాయం ఆ వస్తువు వల్ల మనిషికీ, వేరే ఆస్తికీ జరిగిన హాని కోసం పెట్టింది. ఆ వస్తువుకే జరిగిన నష్టం దానిలోకి రాదు. కాబట్టి షెడ్డు బిల్లును "లోపమున్న వస్తువు అమ్మారు" అనే మామూలు ఫిర్యాదు కిందే అడగాలి. సాధారణంగా రెండేళ్లలోపు వేయాలి. పరీక్ష లేనిదే లోపం తేలదనుకుంటే కమిషన్ వస్తువును ప్రయోగశాలకు పంపుతుంది. ఆ రుసుమును ముందుగా జమచేయమని ఫిర్యాదుదారునే అడగవచ్చు. బిల్లు ఎవరిదో తేల్చుకోవడానికి మరో బిల్లు అన్నమాట.

అన్నిసార్లూ ఆ అవసరం రాదు. ముందునుంచి ఢీకొన్నా ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని ఒక హ్యుందాయ్ క్రెటా కేసులో, ఢీకొన్న వేగాన్నీ బలాన్నీ భౌతికశాస్త్ర నిపుణుడిలా లెక్కగట్టి కొనుగోలుదారు కారు కొంటాడని ఆశించలేమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. కారు మార్చివ్వాలన్న ఆదేశాన్ని నిలబెట్టింది. అయితే క్లచ్ లోపంతో వచ్చిన 2006 నాటి మారుతి కేసులో మాత్రం, భాగం చెడితే భాగం మార్చాలే గానీ మొత్తం కారు కాదంది. స్ప్రింగు విరిగినాయనకు ఈ రెండో తీర్పే దగ్గర. కొత్త కారు మీద ఆశ పెట్టుకోకుండా స్ప్రింగు, కూలీ, తిరుగుడు ఖర్చు అడగడం నయం.

అడగాలంటే ముక్క చేతిలో ఉండాలి. చాలా కేసులు ఇక్కడే నీరుగారిపోతాయి. మెకానిక్ కొత్తది బిగించి, పాతదాన్ని ఇనుప సామాను కుప్పలో పడేస్తాడు, లేదా మంచిమనసుతో డీజిల్‌తో కడిగి, బ్రష్షుతో తోమి ఇస్తాడు. రెండు సగాలనూ సరిపోయాయో లేదో చూద్దామని ఒకదానికొకటి ఆనిస్తే కూడా బీచ్ మార్కులు నలిగిపోతాయి. విప్పేముందే అన్నివైపుల నుంచీ ఫొటోలు తీసి, విరిగిన భాగం తమకే ఇవ్వాలని జాబ్‌కార్డు మీద రాయించుకోవాలి. ఉప్పుగాలిలో ఆ తాజా తలం ఒకటి రెండు రోజుల్లోనే తుప్పు పడుతుంది. అందుకే ముక్కలను విడివిడిగా ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండేసి వేసి, గాలి చొరకుండా మూసి ఉంచాలి.