గాయపడిన కార్మికుని నష్టపరిహారము: అప్పీలు ఎట్లు తీర్పగును?

మన చంద్రపూరు ప్రాంతపు నేత కుటుంబములలో నేడు ఒకే ఇంట పలు వృత్తులు కలవు. తండ్రి మగ్గము మీద కూర్చుండగా ఒక కొడుకు బొగ్గుగనికి, మరియొకడు బల్లార్‌పూరు కాగితపు మిల్లుకు, ఇంకొకడు మరమగ్గముల షెడ్డుకు పోవుచుండును. ఎక్కడ యంత్రమున్నదో అక్కడ ప్రమాదమును ఉన్నది. వ్రేలు తెగుట, నాడె ఎగిరి కంటికి తగులుట, గని కప్పు కూలుట మున్నగునవి జరిగినపుడు ఆ కుటుంబమునకు నష్టపరిహారపు హక్కు కలదు.

ఈ హక్కును గూర్చి మనలో ఒక పొరపాటు అభిప్రాయము వ్యాపించియున్నది. “ఇక్కడ ఓడిపోయిననేమి, నాగపూరులో హైకోర్టున్నది గదా, అక్కడ అంతయు చెప్పుకొందము” అని అందురు. ఈ నమ్మకము వలన కుటుంబములు నష్టపోవును. హైకోర్టు అప్పీలులో కథ మొదటినుండి వినదు. మొదటి అధికారి యెదుట వ్రాతలోనికి ఎక్కిన సాక్ష్యమే అక్కడ ఆధారము. కావున అప్పీలులోని గెలుపోటములకు పునాది మొదటి విచారణలోనే పడునని గ్రహింపవలెను.

చట్టము

కార్మిక నష్టపరిహారపు చట్టము 1923లో చేయబడి 1924 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. 2010 జనవరి 18 నుండి దానికి ఉద్యోగుల నష్టపరిహారపు చట్టమని పేరు మారినది. 2025 నవంబరు 21వ తేదీనుండి 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతి అమలులోనికి వచ్చి ఆ చట్టము స్థానమును ఆక్రమించినది. క్రొత్త స్మృతిలో 74 మొదలు 99 వరకుగల సెక్షనులు ఈ విషయమునకు సంబంధించినవి. పూర్వము ‘కమిషనరు’ అనబడిన అధికారిని ఇప్పుడు ‘సమర్థాధికారి’ అనవలెను. ఆ తేదీకి ముందు జరిగిన ప్రమాదములు పాత చట్టము ననుసరించియే తీర్పగును. కావున పాత చట్టపు తీర్పులను తెలిసికొనుట నేటికిని అవసరము. అప్పీలునకు సంబంధించిన మూల సూత్రములు రెండింటను ఒక్కటే.

ఇ.ఎస్.ఐ. వర్తించు కార్ఖానాలలో పనిచేయువారికి దారి వేరు. వారు యజమానిపై ఈ దావా వేయుటకు వీలులేదు. వారి అంగవైకల్యమును వైద్యమండలి నిర్ణయించును. వివాదము ఇన్సూరెన్సు కోర్టుకు పోవును. చీటీ కోసిన యజమానిని ‘ఇది ఇ.ఎస్.ఐ. యా, కాదా’ అని మొదటనే అడిగి తెలిసికొనవలెను.

మొదటి విచారణ

దావా ప్రమాదము జరిగిన రెండేండ్లలోపల వేయవలెను. ప్రమాదము జరిగిన చోటగాని, బాధితుడో అతని ఆశ్రితులో నివసించు చోటగాని వేయవచ్చును. ఆంధ్ర, తెలంగాణములకు తిరిగిపోయిన కుటుంబము చంద్రపూరు చుట్టు తిరుగనవసరము లేదని దీని భావము. దావా వేసినవారు నాలుగు విషయములు ఋజువు చేయవలెను: గాయపడినవాడు ఆ యజమాని క్రింద పనిచేయుచుండెననియు, ప్రమాదము పని వలనను పనిచేయు కాలములోను జరిగెననియు, అతని వయస్సు, జీతము ఇంత అనియు, అంగవైకల్యము ఇంత అనియు.

ఈ అంకెలు ఎట్లు పనిచేయునో ఒక ఊహా ఉదాహరణతో చూతము. 35 సంవత్సరముల మరమగ్గపు పనివాడు నెలకు రూ. 12,000 సంపాదించుచు బొటనవ్రేలు పోగొట్టుకొనెననుకొందము. పూర్తి వైకల్యమునకు జీతములో 60 శాతము, అనగా రూ. 7,200. 35 ఏండ్లకు పట్టికలోని గుణకము 197.06. రెండింటి లబ్ధము రూ. 14,18,832. బొటనవ్రేలికి షెడ్యూలులో 30 శాతము గనుక పరిహారము సుమారు రూ. 4,25,650 అగును. చూపుడువ్రేలు పూర్తిగా పోయిన 14 శాతము. రెండవ కన్ను బాగుండి ఒక కంటి చూపు పోయిన 30 శాతము. పాత చట్టము క్రింద 2020 జనవరి 3 నుండి లెక్కకు తీసికొనదగు జీతము గరిష్ఠముగా నెలకు రూ. 15,000.

అదే మనిషికి జీతము రూ. 12,000 అని చూపుటకు కాగితము లేక అధికారి రూ. 6,000 అని నిర్ణయించినచో పరిహారము సగమైపోవును. అప్పీలులో దానిని సరిదిద్దుట మిక్కిలి కష్టము. ఏలననగా జీతమెంత అనునది వాస్తవమునకు సంబంధించిన ప్రశ్న.

అప్పీలుకు గల హద్దులు

కమిషనరు ఉత్తరువుపై అప్పీలు హైకోర్టుకు పోవును. చంద్రపూరు జిల్లాకు బొంబాయి హైకోర్టు నాగపూరు బెంచి. 1936 మొదలు 1956 వరకు నాగపూరునకు వేరే హైకోర్టు ఉండెను. రాష్ట్రముల పునర్విభజన తరువాత అది బెంచిగా మారినది.

అప్పీలు 60 దినములలోపల వేయవలెను. తగిన కారణము చూపినచో ఆలస్యమును హైకోర్టు మన్నింపవచ్చును. వివాదములోని మొత్తము సాధారణముగా రూ. 10,000కు తక్కువ కాకూడదు. 2017కు పూర్వము ఇది రూ. 300 మాత్రమే. అన్నిటికంటె ముఖ్యమైన షరతు మరియొకటి కలదు. కేసులో ‘గణనీయమైన న్యాయప్రశ్న’ ఉండవలెను. ఇది లేనిదే అప్పీలు నిలువదు.

ఉభయులును ‘కమిషనరు తీర్పునకు కట్టుబడుదుము’ అని ఒప్పుకొన్నచోటను, రాజీని కమిషనరు అమలుపరచినచోటను అప్పీలు లేదు. కావున ఎవరైన ఒక కాగితము తెచ్చి సంతకము చేయుమన్నపుడు అందులో ఈ మాట ఉన్నదేమో చూచుకొనవలెను.

వాస్తవప్రశ్న, న్యాయప్రశ్న

ప్రమాదము జరిగెనా? పనిలో ఉండగా జరిగెనా? యజమాని, పనివాడు అను సంబంధము కలదా? వయస్సెంత, జీతమెంత? వైకల్యము ఎంత శాతము? ఆశ్రితులెవరు? ఇవి సాధారణముగా వాస్తవప్రశ్నలని సుప్రీంకోర్టు 2018లో కర్ణాటక రోడ్డు రవాణా సంస్థ ఒకదాని కేసులో స్పష్టముగా చెప్పినది. 2016లో కర్ణాటకనుండి వచ్చిన మరియొక కేసులో వాస్తవముల విషయమున కమిషనరుదే తుదిమాట అనియు, హైకోర్టు సాక్ష్యమును తిరిగి తూచి వైకల్య శాతమును తగ్గించుట తగదనియు చెప్పినది. పనివాని పక్షమున వచ్చిన తీర్పును కాపాడుకొనుటకు ఇది పెద్ద అండ. కాని ఈ కత్తి రెండువైపులను తెగును. కమిషనరు పనివానికి వ్యతిరేకముగా వాస్తవమును నిర్ణయించినచో అదియు అట్లే నిలిచిపోవును.

మరి న్యాయప్రశ్న ఏది? ఏ సాక్ష్యమును లేకుండగనే నిర్ణయము చేయుట. ఉన్న ముఖ్య సాక్ష్యమును చూడనే చూడకుండుట. చట్టములోని మాటకు తప్పు అర్థము చెప్పుట. ఈయవలసిన వడ్డీని ఈయకుండుట. ఇట్టివి అప్పీలులో నిలుచును. ‘నా సాక్షిని నమ్మవలసియుండెను’ అనుట మాత్రము న్యాయప్రశ్న కాదు.

మూడు తీర్పులు

మొదటిది ఒరిస్సాలోని జయపురమునకు చెందినది. అక్కడ ఒక సినిమాహాలు పనిలో ఉన్న వడ్రంగి 1968 జూలై 6న క్రిందపడగా ఎడమచేయి మోచేతిపైన తీసివేయవలసివచ్చెను. ఇది పాక్షిక వైకల్యమే అని యజమాని వాదించెను. ఒంటిచేతితో వడ్రంగము చేయుట అసాధ్యము గనుక వైకల్యము సంపూర్ణమే అని కమిషనరు నిర్ణయించెను. ఆ నిర్ణయమును సుప్రీంకోర్టు 1975 డిసెంబరులో సమర్థించెను. పరిహారము ప్రమాదము జరిగిన దినముననే బాకీపడునని కూడ చెప్పెను. నేతపనివారికి ఇందు గొప్ప పాఠము కలదు. షెడ్యూలులోని శాతముతో సరిపుచ్చుకొనక, ఈ చేతితో పోగు ముడివేయగలడా, నాడె ఆడింపగలడా, పడుగు సరిచేయగలడా అను సంగతిని సాక్ష్యములోనికి ఎక్కించవలెను.

రెండవది 1969 నాటిది. పర్షియా సింధుశాఖలో ఓడమీదనుండి ఒక నావికుడు 1961లో కనబడకుండ పోయెను. పని వలననే మరణించెనని చూపుటకు ఆధారము లేదని బొంబాయిలోని కమిషనరు దావాను త్రోసివేసెను. హైకోర్టు పరిహారమిప్పించెను. సుప్రీంకోర్టు తిరిగి కమిషనరు తీర్పునే నిలిపెను. కంటితో చూచిన సాక్షి ఉండితీరవలెనని కోర్టు అనలేదు. పరిస్థితులనుండి ఊహించుటకైనను కొంత ఆధారముండవలెనని మాత్రమే అన్నది. ఆ ఆధారము లేకపోవుటచే కుటుంబమునకు ఏమియు రాలేదు.

మూడవది మన మహారాష్ట్రదే. ఉస్మానాబాదు ప్రాంతపు చక్కెర కార్ఖానా కావలివాడు 2003 ఏప్రిల్ 22న తెల్లవారుజాము డ్యూటీకి మోటారుసైకిలుపై పోవుచు, కార్ఖానా ఇంక సుమారు 5 కిలోమీటర్లుండగా, ప్రమాదములో మరణించెను. కమిషనరు 2009లో రూ. 3,26,140 వడ్డీతో ఇప్పించెను. దారిలో జరిగినది పనిలో జరిగినట్లు కాదని హైకోర్టు 2011లో దానిని కొట్టివేసెను. 2025 జూలై 29న సుప్రీంకోర్టు కమిషనరు తీర్పును పునరుద్ధరించెను. పరిస్థితులు, కాలము, స్థలము ఈ మూడింటికిని పనితో సంబంధము కుదిరినచో దారిలోని ప్రమాదమును పని వలన జరిగినదే అని తీర్పు. క్రొత్త స్మృతిలో ఈ సూత్రము నేరుగా వ్రాయబడియున్నది. ఆ కావలివాని డ్యూటీ వేళ, అతడు పోవుచున్న దారి మొదటి విచారణలోనే ఋజువైయుండుట వలననే ఇరువదిరెండేండ్ల తరువాత ఆ కుటుంబమునకు న్యాయము దొరకినది.

మన వృత్తిలోని చిక్కులు

సొంత మగ్గము, సొంత నూలు గల చేనేతవానికి యజమాని లేడు. కావున అతనికి ఈ పరిహారమును లేదు. మాస్టరు వీవరు నూలిచ్చి, గజమునకింత అని కూలి ఇచ్చుచోట ‘ఇతడు నా పనివాడు కాడు, గుత్తకు నేయువాడు’ అని వాదన లేచును. మరమగ్గపు షెడ్డులోను ఇదే మాట అందురు. గనులలో కాంట్రాక్టరు మనిషినని చెప్పి తప్పించుకొన జూతురు. అయితే పని యజమాని వ్యాపారములోని భాగమైనపుడు కాంట్రాక్టరు మనుష్యులకును ముఖ్య యజమానియే పరిహారమీయవలెనని చట్టము చెప్పుచున్నది.

ముక్కకూలివారికి జీతపు లెక్క గత పన్నెండు నెలల సంపాదన సరాసరిని బట్టి కట్టుదురు. కావున ప్రతి వారము నేసిన గజములు, ముట్టిన కూలి, ఇచ్చినవారి పేరు ఒక చిన్న పుస్తకములో తేదీలతో వ్రాసికొనుట ప్రతి ఇంటను అలవాటు కావలెను. ఆడువారును ఈ పుస్తకము వ్రాయగలరు. ఆపద వచ్చినపుడు ఆ పుస్తకమే సాక్షి.

భాష చిక్కు మరియొకటి. ఇక్కడ పోలీసు పంచనామాయు, ఆసుపత్రి కాగితమును, యజమాని వ్రాయించుకొను వాఙ్మూలమును మరాఠీలో ఉండును. ‘నా అజాగ్రత్త వలననే జరిగెను’ అనియో, ‘నేను ఆ దినము సెలవులో ఉంటిని’ అనియో వ్రాసిన దానిపై తెలియక వ్రేలిముద్ర వేసినచో అదియే రికార్డులో ఉండి నాగపూరువరకు వెంట వచ్చును. చదివించి, అర్థము తెలిసికొని మాత్రమే సంతకము చేయవలెను. పరిహారపు హక్కును వదలుకొందునని వ్రాసిన ఒప్పందము చట్టరీత్యా చెల్లదు. మరణించినవాని కుటుంబమునకు యజమాని చేతికిచ్చిన సొమ్ము పరిహారము చెల్లించినట్లు కాదు. అది అధికారివద్ద జమ కావలెను.

యజమాని అప్పీలు చేసినచో

యజమాని అప్పీలు వేయవలెనన్న, తీర్పు ప్రకారము ఈయవలసిన మొత్తము జమచేసినట్లు కమిషనరు ఇచ్చిన ధ్రువపత్రమును జతపరచవలెను. అది లేని అప్పీలు చెల్లదు. పాత చట్టములోని 30-ఏ సెక్షను క్రింద అప్పీలు తేలువరకు ఆ సొమ్మును నిలిపియుంచుటకు వీలుండెను. 2017లో ఆ సెక్షను తొలగింపబడినది. కావున సొమ్ము జమయైన వెంటనే దానిని విడుదల చేయుమని దరఖాస్తు పెట్టుట బాధితుని పని. అడుగక కూర్చున్నవారికి అది ఏండ్లతరబడి అందకపోవచ్చును.

బాకీపడిన నెలలోపల చెల్లింపని యజమానిపై 12 శాతము వడ్డీయు, తగిన కారణము లేనిచో 50 శాతమువరకు జరిమానాయు పడును. వడ్డీ మాట తీర్పులో లేకపోయినచో అదియు అప్పీలు చేయదగిన విషయమే.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. ప్రమాదము జరిగిన దినముననే యజమానికి వ్రాతపూర్వకముగా తెలిపి నకలు దాచుకొనుము.

2. ఆసుపత్రిలో ‘పనిచేయుచుండగా, ఫలాని యంత్రము వలన’ అని వ్రాయించుము.

3. వయస్సు పత్రము, కూలి పుస్తకము, తోటిపనివారి పేర్లు దావాకు ముందే సిద్ధముచేయుము.

4. వైకల్యమును గూర్చి వైద్యుడు కాగితమిచ్చుటయే చాలదు. అవసరమైనచోట అతనిని సాక్షిగా పిలిపింపుము.

5. తీర్పు వచ్చిన దినమే నకలుకు దరఖాస్తు పెట్టుము. 60 దినములు త్వరగా గడచును.

6. వకీలుకు ఇచ్చుటకు సొమ్ము లేనివారు జిల్లా న్యాయసేవా సంస్థను ఆశ్రయింపవచ్చును. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలకును, కార్ఖానా కార్మికులకును ఉచిత న్యాయసహాయపు హక్కు కలదు.

వస్త్రము మేలుదనము పడుగులోనే ఏర్పడును. పడుగులో తెగిన పోగును పేక వేయునపుడు కప్పిపుచ్చలేము. దావాయు అంతే. మొదటి విచారణలో విడిచిన సాక్ష్యమును హైకోర్టులో అతుకుటకు వీలుండదు. ఈ సంగతి తెలిసినవారు తెలియని పొరుగింటివారికి చదివి వినిపింతురు గాక.