చివరి చిన్న దెబ్బ

గోల్ఫ్ ఆటలో తక్కువ దెబ్బలతో బంతిని గుంటలలో వేసినవాడే గెలుచును. ఆకాశమున కెగిరి దూరము పోవు దెబ్బయు, గుంట చెంత మెల్లగా దొర్లించు దెబ్బయు లెక్కలో ఒక్కటే. ఈ దొర్లించు దెబ్బకు పట్ అని పేరు. 18 గుంటలకు సాధారణముగా నియమించు 72 దెబ్బలలో 36 పట్‌లకే చెల్లును. అయినను మనము దూరపు దెబ్బకే గంటలకొలది సాధన చేసి, దీనిని మరతుము.

1970లో స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్‌లో జరిగిన ఓపెన్ పోటీలో, చివరి గుంటయొద్ద డగ్ సాండర్స్‌గారికి సుమారు 3 అడుగుల పట్ తప్పిపోయెను. అది పడియుండినయెడల గెలుపు ఆయనదే. మరునాడు జాక్ నిక్లాస్‌గారితో తిరిగి ఆడి, ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయెను.

కాబట్టి దగ్గరనుండియే ప్రారంభింతము. గుంట వెడల్పు 4.25 అంగుళములు. దానిచుట్టు 3 అడుగుల దూరమున 6 బంతులుంచి వరుసగా వేయుదము. ఒకటి తప్పినను మరల మొదటినుండి వేయవలెను. బంతి కదలిపోవువరకు తల ఎత్తరాదు. పిమ్మట 30 అడుగులకు జరిగి, బంతి గుంట చెంతనే ఆగునట్లు బలమును కొలుచుట నేర్చుకొందము.

దినమునకు పావుగంట చాలును, మానకుండుటే ముఖ్యము. చివరి గుంటయొద్ద చేయి వణకకుండుటకు ఈ కొద్ది సాధనయే మనకు ఆధారము.