పిల్లలకు కెమెరా కొనే ముందు



మన ఇల్లందు నుంచి కిన్నెరసాని వెళ్లొచ్చిన పిల్లలు "కెమెరా కొనివ్వండి" అని అడగడం మామూలే. వేలకు వేలు పెట్టే ముందు ఒక సంగతి గమనించండి: ఫోటో మసకగా వస్తే తప్పు చాలాసార్లు కెమెరాది కాదు, అది కదలడం వల్లే.

చెట్ల నీడలో వెలుతురు తక్కువ. అక్కడ షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంటుంది. ఆలోగా చెయ్యి వణికినా, బటన్ నొక్కేటప్పుడు కెమెరా అదిరినా ఫోటో చెదురుతుంది. అందుకే ట్రైపాడ్, రిమోట్ షట్టర్.

మొదట ఇంట్లోని ఫోన్‌తోనే నేర్పండి. టైమర్ పెడితే రిమోట్ కూడా అక్కర్లేదు.

కెమెరాయే కొంటే ఇవి చూడండి:
• వైరు రిమోట్ పిన్ను మోడల్‌ని బట్టి మారుతుంది. మీ మోడల్ పేరు చెప్పి అడగండి.
• ఇన్‌ఫ్రారెడ్ రిమోట్‌ను కెమెరా సెన్సార్ వైపు చూపించాలి. బ్లూటూత్‌కు ఆ అవసరం లేదు.
• నక్షత్రాల ఫోటోలకు బల్బ్ మోడ్ ఉంటే ఉపయోగపడుతుంది.

ఎగిరే పక్షికి మాత్రం రిమోట్ చాలదు. సెకనులో 1/1000 వంతు లాంటి షట్టర్ వేగం కావాలి.

ఈ నెల ఇంటిపని: రాత్రి ఒక్క లైటు వేసి, ఒకే వస్తువును చేత్తో పట్టుకొని ఒకసారి, ఫోన్‌ను పుస్తకాల దొంతరకు ఆనించి టైమర్‌తో ఒకసారి తీయించండి. రెండు ఫోటోలనూ పెద్దవి చేసి చూడమనండి. తేడా ఎందుకొచ్చిందో పిల్లలే చెప్పగలిగిన రోజున కెమెరా మాట ఆలోచించవచ్చు.