పంటి ఫైలు ఏ చట్టం కిందికి వస్తుంది?

ప్రశ్న: కొల్లాపూర్‌లోని ఒక ప్రైవేటు పళ్ల క్లినిక్‌లో ఉండే పేషెంటు రికార్డులకు రాష్ట్ర చట్టం వర్తిస్తుందా, కేంద్ర చట్టమా?

జవాబు: రెండూ వర్తిస్తాయి. ఆసుపత్రులు రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో, వైద్య వృత్తి ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. అందుకే 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టాన్ని పార్లమెంటు చేసినా, రాష్ట్రం తీసుకుంటేనే అది అక్కడ చెల్లుతుంది. తెలంగాణ దాన్ని తీసుకుంది. నాగర్‌కర్నూల్ జిల్లాలో క్లినిక్ నడపాలంటే కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా అథారిటీ దగ్గర నమోదు చేసుకోవాలి. రికార్డులు ఉంచడం ఆ నమోదుకు ఒక షరతు. డాక్టరుది వేరే లెక్క. దంతవైద్య వృత్తి చట్టం, 2014 నీతి నియమావళి ఆయనకు వర్తిస్తాయి, పేషెంటు గుట్టు బయటపెడితే రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

ప్రశ్న: వ్యక్తిగత డేటా చట్టం వచ్చాక వీటికి విలువ పోతుందా?

జవాబు: పోదు. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం మిగతా చట్టాలకు అదనం. పొసగని చోట మాత్రం, ఆ మేరకు, దీని మాటే చెల్లుతుంది. అమెరికాలో పద్ధతి వేరు: అక్కడ 1996 నాటి ఆరోగ్య సమాచార చట్టం హిపా కనీస రక్షణ ఇస్తుంది, పేషెంటుకు అంతకన్నా గట్టి రక్షణ ఇచ్చే రాష్ట్ర చట్టం ఉంటే అదే నిలుస్తుంది. టెక్సాస్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లు ఆ లెక్కన ఇక్కడి హక్కులను అంచనా వేస్తే పొరపాటు.

మన 2023 డేటా చట్టం డిజిటల్ రూపంలో ఉన్న వివరాలకే వర్తిస్తుంది. కార్డు మీద పెన్నుతో '36 ఆర్‌సీటీ, క్యాప్ బాకీ' (36వ నంబరు పంటికి రూట్ కెనాల్ అయింది, క్యాప్ ఇంకా వేయాలి) అని రాసి బీరువాలో పెట్టినంత కాలం దీనితో పని లేదు. అదే కార్డును ఫోన్లో ఫొటో తీసి ల్యాబుకు పంపితే చట్టం పరిధిలోకి వచ్చినట్టే. చిన్న ఊళ్ల క్లినిక్‌లు సగం కాగితం మీద, సగం వాట్సాప్‌లో నడుస్తాయి కాబట్టి అసలు చిక్కు ఇక్కడే. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఉంది. అందాకా ఐటీ చట్టం 43ఏ సెక్షన్, 2011 నియమాలే దిక్కు. ఆ నియమాలు వైద్య రికార్డును సున్నితమైన సమాచారంగా విడిగా గుర్తించాయి. కొత్త చట్టంలో ఆ విభజన లేదు, పంటి ఎక్స్‌రేకూ ఫోన్ నంబరుకూ ఒకటే తూకం. ఇది వెనకడుగే.

ప్రశ్న: పేషెంటు హైదరాబాద్‌కు మారితే ఓపీజీ (దవడలు మొత్తం కనబడే) ఎక్స్‌రే, చికిత్స వివరాల నకలు అడగవచ్చా?

జవాబు: అడగవచ్చు. అయితే డేటా చట్టం సమాచార సారాంశానికే హక్కు ఇస్తుంది, మొత్తం ఫైలుకు కాదు. నకలు కోసం వైద్య నియమాలు, పేషెంటు హక్కుల పత్రం ఆధారంగా రాతపూర్వకంగా అడగాలి. ఇవ్వకపోవడాన్ని సేవాలోపంగా చూపి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది.

ప్రశ్న: చికిత్సకు ముందు, తర్వాత తీసిన పళ్ల ఫొటోలు క్లినిక్ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టవచ్చా?

జవాబు: చికిత్సకు ఒప్పుకున్నంత మాత్రాన ప్రచారానికి ఒప్పుకున్నట్టు కాదు. ముఖం కనబడే ఫొటోకు విడిగా అనుమతి ఉండాలి. పోలీసులు దర్యాప్తు కోసం చట్టప్రకారం అడిగే రికార్డు సంగతి వేరు, గుర్తుతెలియని మృతదేహం ఎవరిదో పంటి ఎక్స్‌రేతో తేల్చడం లాంటి పనికి పేషెంటు సమ్మతి అక్కర్లేదు.