దోమ పేరు రాసే ముందు

మలేరియా విభాగంలో చేరిన కొత్తలో విశాఖ ఏజెన్సీలో పనిచేశాను. తెల్లవారకముందే టార్చిలైటు, పీల్చే గొట్టం పట్టుకుని ఇళ్లూ పశువుల పాకలూ తిరగడం, పట్టిన దోమలకు పేర్లు రాయడం నా ఉద్యోగం. ఇప్పుడు ఆ పనికి వస్తున్న పిల్లల కోసం ఈ నాలుగు మాటలు.

1. పొలుసు రాలిన దోమకు పేరు పెట్టకు.

కొండ గ్రామాల్లో మలేరియా మోసే అనాఫిలిస్ క్యులిసిఫేసిస్, ఫ్లూవియాటిలిస్ రెండూ చిన్న దోమలే. రెండింటి కాళ్లూ మచ్చల్లేకుండా ముదురు రంగులోనే ఉంటాయి. తేడా రెక్క మూడో ఈనె దగ్గర తెలుస్తుంది. మొదటిదానికి అది చాలావరకు నలుపు, రెండోదానికి చాలావరకు తెలుపు. ఆ రంగులు పొలుసులవి. గట్టిగా పీల్చినా, సీసాలో చెమ్మ చేరినా రాలిపోతాయి. అప్పుడు "ఈ ఊళ్లో ఏది ఎక్కువో అదే అయ్యుంటుంది" అని రాసేసే వాళ్లను చాలామందిని చూశాను. పేరు తేలలేదని రాయడం నామోషీ ఏమీ కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసిన రొనాల్డ్ రాస్ కూడా దాన్ని రెక్కల మీద మచ్చలున్న దోమ అనే వర్ణించాడు. దాని శాస్త్రీయ నామం ఆయనకు తెలియదు.

2. ఎక్కువగా దొరికిందే దోషి కాదు.

పశువుల పాకలో దోమలు పట్టడం తేలిక, మనిషి పడుకునే గదిలో కష్టం. పాక గోడల మీద క్యులిసిఫేసిస్ దండిగా దొరికితే ఆ ఊరికి ప్రమాదమని రాసేవాణ్ణి. ఇళ్లలో అరకొరగా దొరికే ఫ్లూవియాటిలిస్‌ను లెక్కలోకి తీసుకునేవాణ్ణి కాదు. మందు చల్లే బృందాలు కదిలేది మా కాగితాలు చూసే మరి.

క్యులిసిఫేసిస్ ఒక జాతి కాదని 1980లో బయటపడింది. మొదట ఎ, బి అని రెండుగా విడదీశారు, తర్వాత ఇ దాకా ఐదయ్యాయి. వాటిలో బి మలేరియా మోయడంలో బహు బలహీనం. ఫ్లూవియాటిలిస్‌లోనూ ఎస్, టి, యు అని మూడున్నాయి. ఎస్‌కు మనిషి రక్తం ఇష్టం, ఒడిశా కొండల్లో మలేరియా మోసేది అదే. టి పశువుల మీద బతుకుతుంది. ఎంత మంచి మైక్రోస్కోపు కింద పెట్టినా పైరూపంలో వీటికి తేడా దొరకదు. గుడ్లు సగం ఎదిగిన ఆడదోమ అండాశయాన్ని తీసి, ఆల్కహాల్, ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో నిలవ చేసి, క్రోమోజోముల మీది పట్టీల వరుస చదవాలి. ఇప్పుడైతే పీసీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్ష ఉంది, కాలు ముక్క చాలు. ఇదంతా తెలిశాక కూడా మేం చాలా ఏళ్లు పాత పద్ధతిలోనే రిజిస్టర్లు నింపాం. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

3. దోమల పటానికి చెరగని గీత లేదు.

అనాఫిలిస్ స్టెఫెన్సై మన నగరాల దోమ అని చదువుకున్నాం. బావులు, మేడ మీది ట్యాంకులు దాని స్థావరాలు. అది 2012లో ఆఫ్రికాలోని జిబూటీలో కనబడింది. 2016లో ఇథియోపియాలోనూ, శ్రీలంకలోని మన్నార్‌లోనూ తేలింది. తర్వాత సూడాన్, నైజీరియా, కెన్యా. ఆఫ్రికాలో మలేరియా మోసే అనాఫిలిస్ గాంబియేతో దీనికి పోలిక ఉంది కాబట్టి, తొందరపడితే పాత పేరే రాసేస్తారు. అక్కడ మలేరియా ఎక్కువగా పల్లెల జబ్బు. ఈ దోమ పట్నంలో నీళ్లు నిలవ చేసుకునే ప్రతి పాత్రలోనూ పెరుగుతుంది.

వెన్ను మీద ఒకే తెల్లగీత ఉండే ఈడిస్ ఆల్బోపిక్టస్ సంగతీ అంతే. దాని గుడ్లు ఎండినా నెలల తరబడి బతుకుతాయి. పాత టైర్ల సరుకుతో పాటు ఓడలెక్కి 1985 నాటికి టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో స్థిరపడింది. ఓడరేవు ఊళ్లో పనిచేసేవాళ్లు ఈ సంగతి మరవకూడదు.

4. దొరకలేదన్నదీ లెక్కే.

వెతికినా ఒక జాతి దొరకని రోజుల కాగితాలను మా ఆఫీసుల్లో చిత్తు కింద పారేశారు. ఇవాళ ఒక ఊళ్లో కొత్త దోమ కనబడితే, అది ఈమధ్యే వచ్చిందా, మొదటి నుంచీ ఉన్నా మేమే చూడలేదా అన్నది తేల్చడానికి ఆధారం లేదు. ఫోను ఫొటోతో సరిపెట్టుకోకు, దోమను దాచు. సీసాలో చీటీ పెన్సిలుతో రాసి వెయ్యి, ఇంకు ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. తేదీ, ఊరు, ఇల్లా పాకా అన్నది ఆ చీటీ మీద తప్పక ఉండాలి. దొరకని రోజున కూడా తేదీ వేసి, ఏమీ దొరకలేదని రాసి, సంతకం చెయ్యి.