చిన్న ట్రాక్టరుతో రోటవేటరు నడుపుట



చిన్న ట్రాక్టరు కొన్నవారు మొదట అడుగు ప్రశ్న, "మా బండి రోటవేటరును లాగగలదా?" అనునది. నిజమునకు రోటవేటరును లాగుట తక్కువ, త్రిప్పుట ఎక్కువ. నాగలి పని చక్రముల పట్టు మీద ఆధారపడును. రోటవేటరు పని బండి వెనుకనున్న పి.టి.ఓ. షాఫ్టు మీద ఆధారపడును. ఆ షాఫ్టు సంగతి తెలిసికొనినచో డీజిలు, యంత్రము, అన్నిటికంటె ముఖ్యముగా ప్రాణము దక్కును.

శక్తి ఎంత?

ట్రాక్టరుకు చెప్పు హార్స్ పవరు ఇంజనుది. గేర్లలో కొంత పోగా పి.టి.ఓ. వద్ద సాధారణముగా 85 నుండి 90 శాతము మిగులును. అనగా 20 హార్స్ పవరు బండికి అక్కడ దొరకునది 17 లేక 18. రోటవేటరు కొనునపుడు ఈ అంకెనే చూడవలెను. యంత్రము వెనుక చక్రముల జాడను కప్పునంత వెడల్పు ఉండుట మంచిది. కాని బరువైన రేగడి నేలలో శక్తికి మించిన వెడల్పు పనికిరాదు.

వేగము తగ్గించరాదు, నడక తగ్గించవలెను

రోటవేటరుకు కావలసిన పి.టి.ఓ. వేగము సాధారణముగా నిమిషమునకు 540 చుట్లు. ఇంజను ఏ వేగమున ఉన్నపుడు 540 వచ్చునో మీటరు మీద గాని, బండితో ఇచ్చిన పుస్తకములో గాని ఉండును.

డీజిలు మిగులునని కొందరు థ్రాటిల్ తగ్గించి పెద్ద గేరు వేయుదురు. బండి నడక మునుపటివలెనే ఉండును గాని, పి.టి.ఓ. 540 నుండి 400కు పడిపోయినదనుకొనుడు. అప్పుడు ఒక్కొక్క కత్తి మునుపటికంటె మూడవ వంతుకు పైగా లావైన మట్టిని కోయవలసి వచ్చును. గడ్డలు మిగులును, ఇంజను మూలుగును, నల్లపొగ వచ్చును. మరల ఇంకొక సాలు తిప్పవలసి వచ్చిన, మిగిలెననుకొన్న డీజిలు అక్కడనే పోవును. కావున బరువు తగిలినపుడు థ్రాటిల్ తగ్గించక చిన్న గేరు వేయవలెను, లేదా లోతు తగ్గించవలెను.

చలిదేశములలో చిన్న ట్రాక్టరు ముందు మంచును ఎగజిమ్ము యంత్రమును బిగింతురు. సాధారణముగా దానికి శక్తి బండి నడుమనున్న, నిమిషమునకు సుమారు 2000 చుట్లు తిరుగు మరియొక పి.టి.ఓ. నుండి వచ్చును. మంచు దట్టమైనపుడు అక్కడివారు చేయునదియు ఇదే: ఇంజను వేగమును ఉంచి, బండి నడకను తగ్గింతురు. 540 చుట్ల యంత్రమును అంతకంటె వేగపు పి.టి.ఓ.కు మాత్రము ఎన్నడును తగిలించరాదు.

షాఫ్టు అమరిక

రోటవేటరు షాఫ్టు ఒకదానిలో ఒకటి జారు రెండు గొట్టములతో ఉండును. పనిచేయునపుడు కనీసము మూడవ వంతు ఒకదానిలో ఒకటి ఉండవలెను. పూర్తిగా దగ్గరైనపుడు కొనలు తగులరాదు. తగిలినచో బేరింగులు పగులును. రెండు కొనలనున్న జాయింటు కొమ్ములు ఒకే వరుసలో ఉండవలెను. గట్టు దగ్గర యంత్రమును పైకెత్తునపుడు పి.టి.ఓ. ఆపవలెను.

రాయి తగిలి షియర్ బోల్టు తెగినచో అదే రకము బోల్టు వేయవలెను. గట్టి బోల్టు వేసినచో ఈసారి తెగునది గేరుబాక్సు.

ప్రాణరక్షణ

540 చుట్లనగా సెకనుకు 9 చుట్లు. 10 సెంటీమీటర్ల లావున్న జాయింటు సెకనుకు 2.8 మీటర్ల బట్టను చుట్టుకొనగలదు. భుజముమీది తువ్వాలు, వ్రేలాడు పంచె కొన, చీర కొంగు, జడ, వీనిలో ఏదైనను చిక్కిన, కేక వేయులోపలనే మనిషి షాఫ్టు దగ్గరకు పోవును. విడిపించుకొనుటకు వ్యవధి ఉండదు.

కావున షాఫ్టుపైని ప్లాస్టిక్ గార్డును "అడ్డము" అని తీసివేయరాదు. పగిలినచో కొత్తది వేయవలెను. కత్తులకు చుట్టుకొన్న గడ్డి తీయుటకు ముందు పి.టి.ఓ. విడదీసి, ఇంజను ఆపి, తాళపుచెవి తీసి జేబులో వేసుకొనవలెను. పైకెత్తిన యంత్రము క్రింద దిమ్మ పెట్టనిదే చేయి పెట్టరాదు. తిరుగుచున్న షాఫ్టును దాటరాదు. పిల్లలను బండిమీద గాని, దాపున గాని ఉంచరాదు.

ఈ సాలుకు దిగుముందు ఒక్క పని చేయవలెను: బండి వెనుకకు పోయి గార్డు ఉన్నదో లేదో చూడవలెను. లేనిచో ముందు అది తెచ్చి, తరువాతనే దుక్కి.