బస్తా మీది అంకెలు

శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి గుడి పక్కనే రంగసముద్రం. భీమా ఎత్తిపోతల పథకం కింద కృష్ణా నీళ్లు ఈ చెరువుకు వస్తాయి. నీళ్లు పారేచోట వానాకాలం వరి, యాసంగిలో మళ్లీ వరి. నీళ్లు తక్కువున్న చెల్కల్లో పల్లి, మక్క, జొన్న, కంది.

పంట ఏదైనా రైతు ఎరువుల దుకాణానికి పోతాడు. "సేటూ, పక్క పొలమాయన ఎన్ని బస్తాలు కొన్నడు? నాకూ అన్నే ఇయ్యి" అంటాడు. ఆయన నేల వేరు. పోయినసారి ఆయన వేసిన పంట వేరు. మరి ఎరువు ఒక్కటే ఎట్లా అవుతుంది?

బస్తా మీద అంకెలు ఉంటాయి. చదవండి. డిఎపి మీద 18-46-0 అని ఉంటుంది. మొదటిది నత్రజని. రెండవది భాస్వరం. మూడవది పొటాష్. నూరు కిలోల్లో ఏది ఎంత ఉందో ఆ అంకెలు చెబుతాయి. 50 కిలోల డిఎపి బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం. పొటాష్ లేదు. యూరియాలో నత్రజని ఒక్కటే, నూటికి 46. యూరియా బస్తా 2018 నుంచి 45 కిలోలే. అంటే బస్తాకు 20 కిలోల పైచిలుకు నత్రజని.

వానాకాలం ఎకరా వరికి 40 నుంచి 48 కిలోల నత్రజని కావాలి. ఒక బస్తా డిఎపి, రెండు బస్తాల యూరియా వేస్తే 50 కిలోలు. సరిపోయింది. ఇంక మూడో బస్తా యూరియా ఎందుకు? యూరియా చవక. అందుకే చేయి అటు పోతుంది. పైరు నల్లగా ఎదుగుతుంది. చూసి సంబరపడతాం. ఆ మెత్తటి పైరుకే దోమపోటు వస్తుంది. గాలివానకు పడిపోతుంది. మందుల ఖర్చు, కోత ఖర్చు పెరుగుతాయి.

యూరియా ఒకేసారి వేయవద్దు. నాటేటప్పుడు కొంత, పిలకలప్పుడు కొంత, చిరుపొట్ట దశలో కొంత. ముందు మడిలో నీళ్లు తీసేయాలి. బురద పదునులో చల్లాలి. ఒకటి రెండు రోజులాగి నీళ్లు పెట్టాలి. భాస్వరం మాత్రం దమ్ములోనే వేయాలి.

వరి మీద వరి వేసే మడిలో ఇంకో చిక్కు. నాటిన రెండు నుంచి నాలుగు వారాలకు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి. తెగులనుకొని మందు కొడతారు. చాలాసార్లు అది జింకు లోపం. మూడు పంటలకు ఒకసారి, ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయాలి. డిఎపితో కలపరాదు. మూడు రోజుల తేడా ఉండాలి.

చెల్క సంగతి చూద్దాం. మక్క, జొన్న నేలను బాగా పీలుస్తాయి. పల్లి, కంది, పెసర కొంత తిరిగి ఇస్తాయి. పల్లిచెట్టు పీకి చూడండి. వేర్లకు బుడిపెలు ఉంటాయి. గోటితో చిదిమితే లోపల ఎర్రగా కనిపిస్తుంది. గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు ఇచ్చే సూక్ష్మజీవులు అక్కడే ఉంటాయి. కాని చెట్టంతా పీకి పశువులకు వేస్తాం. పశువులకు మేత కావాల్సిందే. అట్లయితే పెంట అదే చేనుకు తోలాలి. లేకుంటే పల్లి వేసిన లాభం చాలావరకు చేను దాటిపోతుంది.

నేలలో ఏముందో కంటికి కనపడదు. మట్టి పరీక్ష చేయించాలి. ఎండాకాలంలో, ఎరువు వేయకముందే మట్టి తీయాలి. ఎకరాలో పది చోట్ల జానెడు లోతు తవ్వాలి. గట్టు పక్కన, చెట్టు కింద, పెంటకుప్ప దగ్గర తీయవద్దు. అంతా కలిపి అరకిలో మట్టి బట్టసంచిలో పోయాలి. వ్యవసాయ విస్తరణ అధికారికి ఇవ్వాలి. సంచిలో చీటీ పెట్టాలి. రైతు పేరు, ఊరు, సర్వే నంబరు, పోయిన పంట, వేయబోయే పంట అందులో ఉండాలి. ఈ చీటీ మీరే రాయండి.